మిల్లు చేతులు మారుతుంది, బాయిలరు చల్లారదు

మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్ల మీద వెళ్తున్నప్పుడు రైసు మిల్లుల బోర్డులను కొంచెం పరీక్షగా చూడండి. కొన్నిటి మీద కొత్త రంగు కింద పాత పేరు ఇంకా లీలగా కనిపిస్తుంది. ఒక దేవుడి పేరు పోయి ఇంకో దేవుడి పేరు వచ్చి ఉంటుంది. ‘ట్రేడర్స్’ కాస్తా ‘ఇండస్ట్రీస్’ అయి ఉంటుంది. లోపల మాత్రం అదే పొగగొట్టం, అవే నానబెట్టే తొట్లు, అదే కాటా. కాగితాల లెక్కలో ఒక సంస్థ చచ్చి ఇంకొకటి పుట్టింది. బాయిలరుకు ఆ సంగతి తెలియదు.

మా వైపు ఒక పల్లెలో మరో రకం మిల్లు ఉండేది. చుట్టూ నాలుగైదు ఊళ్లకు అదొక్కటే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దాని బోర్డు మారలేదు, యజమానీ మారలేదు. వారంలో రెండు రోజులు ఆడితే గొప్ప. అమ్ముదామంటే కొనేవాడు లేడు, లీజుకు ఇద్దామంటే అడిగేవాడు లేడు, మూసేద్దామంటే ఆయనకు మనసొప్పదు. రికార్డుల్లో ఆ సంస్థ దశాబ్దాల పాటు దిలాసాగా ‘బతికే’ ఉంది.

ఈ రెంటిలో ఏది నిలదొక్కుకున్నట్టు? చిన్న పరిశ్రమలు ఒకే ప్రాంతంలో గుమికూడితే వాటి ఆయుష్షు పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నలోని చిక్కంతా ఇక్కడే ఉంది. పరిశ్రమల సదస్సుల్లో మాట్లాడేవారు ‘పెరుగుతుంది’ అని ధీమాగా చెబుతారు. ఆ నమ్మకం మీదే పథకాలు నడుస్తున్నాయి. ఇలాంటి గుంపును పిలిచే క్లస్టర్ అన్న మాట ఇప్పుడు దాదాపు తెలుగు మాటే అయిపోయింది. నల్లగొండ జిల్లాలో మిల్లులనూ మగ్గాలనూ చూస్తూ పెరిగిన నాకు మాత్రం అంత ధీమా లేదు. గుమికూడితే వృత్తి బతుకుతుంది, అది నిజం. అందులోని ఒక్కొక్క సంస్థ బతుకుతుందని చెప్పలేం సరికదా, కొన్నిసార్లు ఒంటరిగా ఉన్న సంస్థ కంటే ముందే పోతుంది. వృత్తి ఆయుష్షునూ సంస్థ ఆయుష్షునూ ఒకటిగా లెక్కవేయడం వల్లే ఈ విషయంలో ఇంత గందరగోళం.

వడ్ల చుట్టూ అల్లుకున్న ఊరు

మిల్లులు మిర్యాలగూడకే ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు మొదటి జవాబు నీళ్లు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మేరకు మెట్ట భూములు వరి మడులయ్యాయి. వడ్లు బరువైన సరుకు, అందులో దాదాపు ఐదో వంతు ఊకే. ఆ ఊకకు కూడా లారీ కిరాయి కట్టి దూరం మోసుకెళ్లే బదులు పంట దగ్గరే ఆడించి బియ్యాన్ని మాత్రం పంపడం లాభం. బియ్యం తరలించడానికి బీబీనగర్–నడికుడి రైలు మార్గం ఊరి మీదుగానే పోతోంది. ఇంతవరకు భూగోళం చెప్పే కథ.

అయితే మొదటి పది మిల్లులను మాత్రమే ఈ కథతో వివరించగలం. ఆ తర్వాత వచ్చిన మిల్లులు కాలువ కోసం వచ్చినవి కావు, ముందున్న మిల్లుల కోసం వచ్చాయి. ఇంగ్లండులో కత్తులు చేసే ఊరు, కుండలు చేసే ఊరు అంటూ ఒక్కో వృత్తికి ఒక్కో పట్టణం ఉండటాన్ని గమనించి, దీనికి మూడు కారణాలను 1890లోనే వివరించినవాడు ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త. పని తెలిసినవాళ్లు అక్కడే దొరుకుతారు. ఆ పరిశ్రమకు మాత్రమే పనికొచ్చే అనుబంధ వ్యాపారాలు పక్కనే పుడతాయి. వృత్తి మర్మాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే గాలిలో కలిసినట్టు అందరికీ అంటుకుంటాయి. ఈ మూడింటినీ మిర్యాలగూడలో వేలు పెట్టి చూపించవచ్చు.

తవుడునే తీసుకోండి. బియ్యం పాలిష్ పట్టినప్పుడు రాలే తవుడులో నూనె ఉంటుంది. పచ్చి బియ్యపు (వడ్లను ఆవిరి పట్టకుండా ఆడించిన బియ్యపు) తవుడైతే, రాలిన మరుక్షణం నుంచే అందులోని ఎంజైము నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. రోజులు గడిచిన తవుడు వంటనూనెకు పనికిరాదు, పశువుల దాణాగా చవకగా పోతుంది. ఉప్పుడు బియ్యంలో వడ్లను ముందే ఆవిరి పడతారు కాబట్టి ఆ ఎంజైము చచ్చిపోతుంది, తవుడు నిలవ ఉంటుంది, నూనె కూడా ఎక్కువ దిగుతుంది. ఏదైనా సరే, తవుడుకు మంచి ధర రావాలంటే దగ్గరలో నూనె తీసే కర్మాగారం ఉండాలి. ఆ కర్మాగారం ఒక్క మిల్లు తవుడుతో నడవదు, పదుల మిల్లులు కావాలి. మిల్లులుంటేనే నూనె కర్మాగారం, నూనె కర్మాగారం ఉంటేనే తవుడుకు ధర. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని లేచిన కట్టడం ఇది. మా పల్లె మిల్లు తవుడు మాత్రం పాడి గేదెల తొట్లోకే పోయేది. గేదెలకు లాభమే అనుకోండి.

రెండోది పచ్చి వడ్ల వ్యవహారం. కోత యంత్రాలు వచ్చాక వడ్లు తడితోనే పొలం నుంచి ట్రాక్టర్లోకి పడుతున్నాయి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. రైతు రోడ్డు మీదో కల్లంలోనో ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. ఉప్పుడు మిల్లుకు ఆ బాధ లేదు. దానికి ఎలాగూ వడ్లను నానబెట్టాలి, ఆవిరి పట్టాలి, డ్రయర్లో ఆరబెట్టాలి. కాబట్టి పచ్చి వడ్లనే నేరుగా కొనగలదు. అలాంటి మిల్లులు ఒకేచోట చాలా ఉన్నాయంటే రైతు ధైర్యంగా ట్రాక్టరు కట్టుకుని వస్తాడు. ఒకరు ధర తగ్గిస్తే పక్క గేటుకు పోవచ్చు. అమ్మేవాళ్లు వస్తారని మిల్లులు, కొనేవాళ్లుంటారని అమ్మేవాళ్లు. సంత మొదలైన నాటి నుంచి ఉన్న సూత్రమే ఇది.

ఇక గాలిలో కలిసిన విద్య సంగతి. ఏ రకం వడ్లు ఎంతసేపు నానాలి, ఏ ఎండకు ఎంత నూక పడుతుంది, రంగు గింజలను ఏరే యంత్రాన్ని ఎక్కడ బిగించాలి, ఏ దలారి మాట నమ్మవచ్చు, ఏ రాష్ట్రపు వ్యాపారి డబ్బు ఎన్ని నెలలు తిప్పుతాడు అన్నవన్నీ హోటల్లో టీ తాగే లోపు తెలిసిపోతాయి. సీజను మధ్యలో యంత్రం మొరాయిస్తే మెకానిక్ స్కూటరు మీద వస్తాడు. ఒంటరి మిల్లుకు అదే మెకానిక్ ఎల్లుండి వస్తాడు. పచ్చి వడ్లు ఎల్లుండి దాకా ఆగవు, మొలకెత్తుతాయి.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్ లాంటి చేనేత ఊళ్ల వైపు వెళ్తే ఈ అల్లిక ఇంకా దట్టంగా ఉంటుంది. ఇక్కత్ చీర ఒక్కరు చేసేది కాదు. నూలు తెచ్చేవారొకరు, గ్రాఫు గీసేవారొకరు, చిటికి కట్టేవారొకరు, రంగులద్దేవారొకరు, నేసేవారొకరు. దారాన్ని ముందే కట్టి రంగు వేసి, మగ్గం మీదికి వెళ్లాక బొమ్మ సరిగ్గా కుదిరేలా చూసుకోవాలి. ఈ వరుసలో ఒక ఇల్లు తప్పుకుంటే మిగతా ఇళ్లు ఆగిపోతాయి. ఒంటరి వరి మిల్లును ఊహించగలం, ఒంటరి ఇక్కత్ మగ్గాన్ని ఊహించడం కష్టం.

ఆసు యంత్రం పుట్టింది కూడా ఇలాంటి చోటే. పేక నూలును (అడ్డంగా నేసే పోగును) మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి అమర్చడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని వేల సార్లు తిప్పాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే, భుజాల నొప్పులూ వాళ్లవే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999 నాటికి యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పట్టుదలను తక్కువ చేయను. కానీ ఇదే బుర్ర వేరే జిల్లాలో పుట్టి ఉంటే ఆసు అన్న మాటే వినేది కాదు. సమస్య ఇంటింటా కనబడుతుండాలి, తయారైన యంత్రాన్ని మర్నాడే వాడి తప్పు చెప్పేవాళ్లుండాలి, నచ్చితే కొనేవాళ్లు ఆ వీధిలోనే ఉండాలి. ఆ మూడూ ఆయనకు నడిచిపోయేంత దూరంలో ఉన్నాయి.

పుట్టడం తేలిక, పోవడమూ తేలిక

ఇన్ని లాభాలున్నప్పుడు గుంపులోని సంస్థ ఎక్కువ కాలం బతకాలి కదా? పరిశోధకులు కూడా అలాగే అనుకున్నారు. లెక్కలు తీస్తే ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. కొన్ని పరిశ్రమల్లో బతుకుతున్నాయి, కొన్నింటిలో త్వరగా పోతున్నాయి. వీటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒలావ్ సోరెన్‌సన్, పినో ఆడియా అనే ఇద్దరు 2000లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో 1940 నుంచి 1989 వరకు చెప్పుల, బూట్ల కర్మాగారాలు ఎక్కడ పుట్టాయి, ఎక్కడ మూతపడ్డాయి అని వాళ్లు లెక్క తీశారు. కర్మాగారాలు దట్టంగా ఉన్న ప్రాంతాల్లో మూతపడే వేగం ఎక్కువగా ఉంది. అయినా ఆ పరిశ్రమ దశాబ్దాల పాటు ఆ ప్రాంతాలను వదిలి చెదిరిపోలేదు.

ఎలా? మూతపడటం ఎంత ఎక్కువో కొత్తగా పుట్టడమూ అక్కడ అంత ఎక్కువ. చెప్పుల కర్మాగారం పెట్టాలన్న ఆలోచన చెప్పుల కర్మాగారంలో పనిచేసినవాడికే వస్తుంది. తోలు ఎవరి దగ్గర కొనాలో, పనివాళ్లను ఎలా పిలవాలో, అప్పు ఎవరినడగాలో అతడికే తెలుసు. నిన్నటిదాకా తనలాగే గుమస్తాగా ఉన్నవాడు ఇవాళ యజమాని అయ్యాడు కాబట్టి తనూ కాగలనన్న ధైర్యం కూడా అక్కడే దొరుకుతుంది. దూరంగా ఉన్నవాడికి ఆ ఆలోచనే రాదు. ఊటబావిలో ఎంత తోడినా మళ్లీ ఊరుతుంది చూడండి, అలాగన్నమాట. నీళ్లు ఎప్పుడూ ఉన్నాయి కాబట్టి అవే నీళ్లు అనుకుంటాం.

మన దగ్గరా ఇంతే. మిల్లుల దగ్గర గుమస్తాగా, దలారిగా, కమీషన్ ఏజెంటుగా నాలుగేళ్లు తిరిగినవాడు బంధువులను కూడగట్టి వాటాలు వేసుకుని మిల్లు పెడతాడు. కొత్త సంస్థలు పాతవాటి కంటే ఎక్కువగా చనిపోతాయని సామాజికవేత్త ఆర్థర్ స్టించ్‌కూంబ్ 1965లోనే రాశాడు. పని అలవాటు కాలేదు, నమ్మకం కుదరలేదు, చేతిలో నిలవ లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా పుట్టే చోట చావులూ ఎక్కువగానే నమోదవుతాయి. ఇందులో ఆ ఊరి తప్పేమీ లేదు. కాన్పుల ఆసుపత్రి ఉన్న ఊళ్లో పసిపిల్లల ఏడుపులు ఎక్కువ వినబడతాయి, అంతే.

పైగా పోటీ. సీజనులో అందరికీ అవే వడ్లు కావాలి, అదే వారంలో కావాలి. హమాలీలూ వాళ్లే, లారీలూ అవే, చివరికి బియ్యం కొనే బయటి వ్యాపారులూ వాళ్లే. ట్రాక్టర్లు మైళ్ల పొడవున బారులు తీరితే టోకెన్లు ఇచ్చి విడతలుగా వదిలిన సీజన్లు కూడా ఉన్నాయి. బలమైన మిల్లు ధర పెంచి కొంటుంది. చిన్న మిల్లు పెంచితే నష్టం, పెంచకపోతే ఖాళీ.

ఇక్కడే మొదట చెప్పిన బోర్డుల సంగతికి రావాలి. మూతపడటానికి కూడా ఖర్చుంటుందన్న మాట మనం మరిచిపోతాం. మిర్యాలగూడలో నష్టం వచ్చిన యజమాని ఒక లెక్క వేసుకోగలడు: మిల్లును లీజుకిస్తే నెలకు ఇంత, అమ్మితే ఇంత, తాను ఇంకో మిల్లులో వాటా తీసుకుంటే ఇంత. అడిగేవాళ్లు పక్కనే ఉన్నారు కాబట్టి లెక్క కుదురుతుంది, వదిలేస్తాడు. ఒంటరి మిల్లు యజమానికి ఆ లెక్కే లేదు. అక్కడ యంత్రానికి ధర పాత ఇనుము ధరే. అందుకే ఆయన తన జీతం వేసుకోకుండా, షెడ్డు అద్దె లెక్కకట్టకుండా, కొడుకు పంపే డబ్బుతో కరెంటు బిల్లు కడుతూ నడుపుతూనే ఉంటాడు. అది బలం కాదు, బయటపడే దారి లేకపోవడం.

కాబట్టి ‘బతికిందా’ అని అడిగేటప్పుడు ఎవరి గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి. సంస్థ పోయినా యజమాని వ్యాపారంలోనే ఉండవచ్చు. యజమాని అప్పులపాలై ఊరు వదిలినా మిల్లు ఆడుతూనే ఉండవచ్చు. సర్వేలు లెక్కపెట్టేది సంస్థను, అంటే రిజిస్ట్రేషను కాగితాన్ని. హమాలీకి కావలసింది రేపు ఎత్తవలసిన బస్తా. ఆ బస్తా కాగితం మీద ఎవరి పేరున ఉందన్నది అతడికి పట్టింపు లేదు. మరి పోయిన యజమాని సంగతేమిటి? గుంపు లాభాలను పొగిడేవాళ్లు ఆయన దగ్గరికి మాత్రం వెళ్లరు. ఆయన తాకట్టు పెట్టిన భూమి ఏ క్లస్టర్ నివేదికలోనూ ఉండదు.

ఒకే దెబ్బకు అందరూ

పక్కపక్కన ఉండటంలో అసలు ప్రమాదం పోటీ కాదని నా అభిప్రాయం. అందరూ ఒకే నీటి మీద, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం.

ఉప్పుడు బియ్యం గొడవ గుర్తుందా? యాసంగి పంట చేతికొచ్చేసరికి మన ఎండలు మండుతుంటాయి. ఆ వేడికి గింజలో పగుళ్లు పడి, పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందుకే యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యం చేయడం ఇక్కడి అలవాటు. ఆవిరి పడితే పగులు అతుక్కుని గింజ నిలబడుతుంది. చిత్రం ఏమిటంటే ఆ బియ్యాన్ని తెలంగాణలో దాదాపు ఎవరూ తినరు, కేరళ, తమిళనాడు వాళ్లు తింటారు. మనం తినని బియ్యాన్ని చేయడంలో మనం నిపుణులం. ప్రభుత్వ సేకరణ కింద తెలంగాణ నుంచి ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని 2021లో కేంద్రం చెప్పేసరికి అది రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య రాజకీయ యుద్ధమై, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా దాకా వెళ్లింది. రాజకీయం ఎలా ఉన్నా, మిల్లుల కోణంలో చూస్తే ఒక విషయం స్పష్టం. వాళ్లు పెట్టుబడి పెట్టిన తొట్లు, బాయిలర్లు, డ్రయర్లన్నీ ఉప్పుడు కోసమే. ఒక్క నిర్ణయంతో మంచి యజమాని, చెడ్డ యజమాని అన్న తేడా లేకుండా అందరి యంత్రాల విలువా ఒకేసారి ఊగిపోయింది. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద కేంద్రం 20 శాతం సుంకం వేసినప్పుడూ అంతే. అది పూర్తిగా తొలగడానికి ఏడాదికి పైగా పట్టింది.

కాలువ సంగతీ అలాంటిదే. కృష్ణలో ప్రవాహం లేని ఏడాది, 2023–24 యాసంగిలో జరిగినట్టు, ఎడమ కాలువ కింద వరి సాగుకు నీళ్లు లేకపోతే మొత్తం మిల్లులన్నీ దూరపు జిల్లాల వడ్ల కోసం పరుగెత్తాలి. పంట దగ్గర ఉండటమే తమ బలమని ఒకచోట చేరినవాళ్లకు ఆ ఏడాది పంటే దూరమవుతుంది.

ఒకే దెబ్బ తగిలినప్పుడు గుంపు ఏం చేస్తుందన్నదాని మీద మిగతా కథ ఆధారపడుతుంది. దీనికి తమిళనాడు నుంచి రెండు ఉదాహరణలు. పాలార్ లోయలోని తోళ్ల పరిశ్రమలు నదిని పాడుచేస్తున్నాయన్న కేసులో 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. ఒక చిన్న తోళ్ల యూనిట్ సొంతంగా మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టలేదు. అందరూ కలిసి ఉమ్మడి కేంద్రాలు కట్టుకున్నారు, పరిశ్రమ నిలిచింది. ఇక్కడ దగ్గరదగ్గరగా ఉండటమే వాళ్లను కాపాడింది, చెదిరి ఉంటే ఉమ్మడి గొట్టం వేయడమే కుదిరేది కాదు. తిరుప్పూరులో ఇందుకు భిన్నంగా జరిగింది. అద్దకం యూనిట్లకు ఉమ్మడి కేంద్రాలు అప్పటికే ఉన్నాయి. అయినా నొయ్యల్ నదిలోకి మురుగు ఆగలేదని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అన్నింటినీ మూసేయమంది. వందల యూనిట్లు ఒకే వారంలో తాళాలు వేసుకున్నాయి. నిబంధన పాటించినవాడు కూడా పాటించనివాడి పాపంలో వాటాదారుడయ్యాడు. ఉమ్మడి గొట్టానికి ఉమ్మడి నేరం. చౌటుప్పల్ వైపు రసాయన పరిశ్రమల పక్కన భూగర్భజలాల గురించి గ్రామస్తులు ఫిర్యాదులు చేస్తున్న రోజుల్లో ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

పేరు విషయంలోనూ ఇదే తంటా. దేశంలో తొలినాళ్లలోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) అందుకున్న చేనేతల్లో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. గద్వాల, నారాయణపేట చీరలకూ ఆ గుర్తింపు ఉంది. కానీ ఊరి పేరు అందరి ఆస్తి అయినప్పుడు దాన్ని కాపాడటం ఎవరి పనీ కాదు. ఇక్కత్ బొమ్మను గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి పేరుతో అమ్మే దుకాణాలకు కొదవ లేదు. అసలైన నేతకు రోజుల తరబడి పడే శ్రమ, అచ్చుకు నిమిషాల పని. చీరను తిరగేసి చూస్తే అచ్చు రెండో వైపు వెలిసినట్టుంటుంది, నేత రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఇది తెలిసిన కొనుగోలుదారులు ఎందరన్నదే సమస్య.

సర్కారు గీసిన గీతలు

ఇప్పుడు మార్షల్ ఊహించని ఒక పాత్రను రంగం మీదికి తేవాలి. వడ్లలో చాలా భాగాన్ని ప్రభుత్వమే కొని మిల్లులకు ఇస్తుంది. మిల్లు ఆడించి క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. దీన్నే సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) అంటారు. ఈ పద్ధతిలో వడ్లు మిల్లరువి కావు, బియ్యమూ మిల్లరువి కావు. ఆడించిన కూలి, తవుడు, నూక, ఊక మాత్రం ఆయనవి. ఇక ఆయనకు దలారులతో పనేమిటి, పక్క మిల్లుతో పనేమిటి? కేటాయింపు వస్తే ఏ మారుమూల మిల్లైనా నడుస్తుంది. అలా సీఎంఆర్ మీద నడిచే మిల్లులు రాష్ట్రమంతటా లేచాయి. గుంపులో ఉండటం వల్ల వచ్చే లాభాలను ఈ పద్ధతి కొంతవరకు చెరిపేసింది. బతకడం మార్కెట్ తెలివి మీద కాక కేటాయింపు కాగితం మీద ఆధారపడుతుంది. సొంతంగా వడ్లు కొని, సొంత బ్రాండు సంచిలో బియ్యం అమ్మే మిల్లుకూ దీనికీ చాలా దూరం. రెండూ ‘రైసు మిల్లులు’ అనే ఒకే గడిలో ఉంటాయి కాబట్టి సగటు ఆయుష్షు తీసేవాడికి తేడా తెలియదు.

గీత గీసి పరిశ్రమలను పిలవడం మనకు పాత అలవాటే. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొత్తూరు, షాద్‌నగర్‌లకు వెనుకబడిన జిల్లా రాయితీలూ హైదరాబాద్ పొరుగూ రెండూ కలిసొచ్చాయి. 2016 జిల్లాల పునర్విభజనలో అవి రంగారెడ్డికి వెళ్లిపోయాయి. పరిశ్రమలు అక్కడే ఉన్నాయి, పాలమూరు లెక్కలోంచి మాత్రం పోయాయి. నేటి నమూనా చౌటుప్పల్ మండలం దండుమల్కాపురంలోని చిన్న పరిశ్రమల పార్కు, 2019 నవంబరులో మొదలైంది. ఇది మొలిచింది కాదు, నాటింది. ఇక్కడ ఒకే వృత్తివాళ్లు ఉండరు, రకరకాల యూనిట్లుంటాయి. దీన్ని లోపమని కొందరంటారు. నేననను. ఊళ్లకు కొత్త పని పుట్టేది ఒకే వృత్తి వల్ల కాదు, వేర్వేరు వృత్తులు ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్ల అని నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ 1969లో వాదించింది. ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఈ ఏడాది మందుల కంపెనీకి స్టీలు ట్యాంకు చేసి, వచ్చే ఏడాది పాల డెయిరీకి చేయగలిగితే, ఒక పరిశ్రమ పడిపోయినా అది పడిపోదు. మిల్లుల ఊరికి లేని రక్షణ ఇదే. కానీ పార్కులో టీ కొట్టు కబుర్లు పుట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. రోడ్లు, కరెంటు, ప్లాట్లు ఇచ్చినంత తేలికగా దాన్ని ఎవరూ మంజూరు చేయలేరు.

పనివాళ్ల విషయం ఒకటి చెప్పాలి. నైపుణ్యం ఊరి సొత్తని అనుకుంటాం గానీ, అది కాళ్లున్న సొత్తు. నల్లగొండ నేతగాళ్లు భివండీ, షోలాపూర్ మగ్గాలకు వెళ్లిపోయారు. అక్కడి గుంపు ఇక్కడి గుంపును తిన్నది. మిల్లుల విషయంలో మాత్రం పనివాళ్లు బయటి నుంచి ఇక్కడికి వస్తారు. 2020 మే నెలలో వలస కూలీలంతా నగరాలు విడిచి ఇళ్లకు పోతుంటే, బిహార్‌లోని ఖగరియా నుంచి ఒక రైలు ఎదురు దిశలో లింగంపల్లికి వచ్చింది. అందులో దిగిన రెండు వందల పైచిలుకు మంది మన రైసు మిల్లులకు వచ్చిన హమాలీలు. దేశమంతా ఆగిపోయిన రోజుల్లో కూడా పిలిపించుకోగలిగిన శక్తి మిల్లులన్నిటిదీ కలిపి. విడిగా ఏ ఒక్క మిల్లుకూ రైలు రాదు.

మా బంధువుల అబ్బాయి ఒకడు మిల్లులో వాటా తీసుకుంటానని ఈ మధ్య సలహా అడిగాడు. వడ్లు ఏ కాలువవి, బియ్యం కొనేది ఎవరు అని రెండు ప్రశ్నలడిగాను. రెండింటికీ సిద్ధంగా జవాబులున్నాయి. రేపు వదిలేయాలనుకుంటే నీ వాటా ఎవరు తీసుకుంటారని అడిగాను. శుభమా అని మొదలుపెడుతుంటే ఆ మాటేమిటని వాళ్ల నాన్న నొచ్చుకున్నారు. అబ్బాయి మాత్రం కాసేపు ఆలోచించి నాలుగు పేర్లు చెప్పాడు. నాలుగు పేర్లు చెప్పగలిగావు కాబట్టి సరే అన్నాను.

మా పల్లె మిల్లు యజమాని పోయాక ఆయన కొడుకు పట్నం నుంచి వచ్చి యంత్రాలను తూకం వేసి అమ్మేశాడు. షెడ్డులో ఇప్పుడు ఎవరివో ఎరువుల బస్తాలున్నాయి. బోర్డును మాత్రం ఎవరూ దించలేదు.